చాటింపు సరిగా వేయండి: ఆన్‌లైన్ వేలంలో చిన్న విక్రేత సరుకు పదిమంది కంట పడాలంటే

చెరువులో చేపల హక్కుకైనా, గుడి మాన్యం కౌలుకైనా వేలం పెట్టే ముందు ఊళ్ళో దండోరా వేయించడం మనవాళ్ళకు తరతరాల ఆనవాయితీ. ఆ చాటింపు అరకొరగా జరిగిందంటే పాటకు వచ్చేది ఇద్దరు ముగ్గురే. వాళ్ళు కూడబలుక్కున్నారంటే సరుకు సర్కారువారి పాట దగ్గరే తెగిపోతుంది. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. ఆ ముప్పై ఏళ్ళలో లడ్డూ రుచి అంతగా పెరిగి ఉండదు. పెరిగింది దాన్ని చూసే కళ్ళూ, దానికోసం పోటీపడే పాటదారులూ. ఆన్‌లైన్ వేలంలో ఈ దండోరా పని చేసేది సెర్చ్ ర్యాంకింగ్, అంటే వెతికినవారికి ఫలితాలు ఏ వరుసలో కనబడాలో నిర్ణయించే ఏర్పాటు. కొనేవారు ఒక మాట టైపు చేసినప్పుడు మీ సరుకు మొదటి పుటలో వచ్చిందా, పదకొండో పుటలో వచ్చిందా అన్నదాన్ని బట్టి పాటకు ఎంతమంది వస్తారో తేలుతుంది; ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి ధర తేలుతుంది.

నేను చెన్నైలో, పశ్చిమ మాంబళంలోని ఒక చిన్న గదిలో కూర్చుని పాత తపాలా కవర్లూ, స్టాంపులూ, శివకాశి అగ్గిపెట్టెల లేబుళ్ళూ ఈబే అనే అమెరికా ఆన్‌లైన్ వేలం సైటులో అమ్ముతూ ఉంటాను. ఈ నగరంలో మన తెలుగు కుటుంబాలు చాలావాటిలో తాతగారి ట్రంకుపెట్టె ఒకటి అటక మీద ఉంటుంది, దాన్ని దింపి చూసినవారు ఎవరో ఒకరు నెలకోసారైనా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇదే కవరు ఫలానావారు పన్నెండు డాలర్లకు అమ్మారట, మాది రెండు డాలర్లకే ఎందుకు పోయింది?" ఆ ప్రశ్నకు జవాబుగా, ఇప్పుడిప్పుడే అమ్మకం మొదలుపెట్టేవారికి పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. కాబట్టి ఉదాహరణలన్నీ నా సరుకు నుంచే ఉంటాయి. పద్ధతి మాత్రం పాత కలాలకైనా, గ్రామఫోను రికార్డులకైనా ఒకటే.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఈబే 2004లో బాజీ డాట్ కామ్ అనే మన దేశపు వేలం సైటును కొని మన దేశంలోకి వచ్చింది, 2017లో దాని భారతీయ వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళింది, 2018 ఆగస్టు 14న ఆ భారతీయ సైటు మూతపడింది. ఇప్పుడు మనం ఈబేలో అమ్ముతున్నామంటే ప్రధానంగా విదేశీ కొనుగోలుదారులకు ఎగుమతి చేస్తున్నట్టే లెక్క. అందువల్ల మన పోటీ పక్కవీధి దుకాణంతో కాదు, ఒహాయోలోనో లండన్‌లోనో కూర్చుని అదే సరుకు అమ్ముతున్నవారితో. వెతికేవారి భాష, వేళ, అలవాటు అన్నీ వాళ్ళవే.

ధర తేల్చేది రెండో మనిషి

ఈబే వేలంలో కొనేవారు తాము ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని ముందే రాసి పెడతారు. ఆ మొత్తం బయటకు కనబడదు. అవతలివారు పాట పెంచిన కొద్దీ వీరి తరఫున సైటే కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతుంది. ఒకరు మీ కవరుకు 18 డాలర్ల దాకా ఇవ్వడానికి సిద్ధపడ్డారనీ, ఇంకొకరు 11 డాలర్ల దాకా వెళ్ళగలరనీ అనుకుందాం. అమెరికా సైటులో 5 నుంచి 24.99 డాలర్ల మధ్య పాటకు పాటకు తేడా అర డాలరు కనుక, ఆ కవరు 11.50 డాలర్లకు పోతుంది. గెలిచినవారి మనసులో 18 ఉన్నా మీకు వచ్చేది 11.50 మాత్రమే, ఎందుకంటే ధరను ఎక్కడ ఆపాలో తేల్చింది ఓడిపోయిన రెండో మనిషి. ఇప్పుడు ఆ రెండో మనిషికి మీ లిస్టింగు, అంటే మీరు సరుకును అమ్మకానికి పెట్టిన పుట, కనబడలేదనుకోండి. మొదటివారి మనసులో 18 డాలర్లు అలాగే ఉన్నాయి, కవరు కూడా అదే కవరు, అయినా అది మీరు పెట్టిన ప్రారంభ ధరకే, 1.99 పెట్టి ఉంటే 1.99కే వెళ్ళిపోతుంది.

ర్యాంకింగ్‌కూ ధరకూ ఉన్న సంబంధం ఇంతే, కానీ ఈ ఒక్క ముక్క బుర్రకెక్కకపోతే తక్కిన చిట్కాలన్నీ గాలిలో దీపాలే. మీరు రాసే టైటిల్, తీసే ఫొటో, ఎంచుకునే ముగింపు వేళ ఇవన్నీ మొదటి కొనుగోలుదారు కోసం కాదు. బాగా కావలసినవారు ఎంత లోతున ఉన్నా తవ్వి తీసుకుంటారు. మీ కష్టమంతా ఆ రెండోవారి కోసం, వీలైతే మూడోవారి కోసం.

వేలం మధ్యలో కొందరు సందేశం పంపుతారు: "వేలం ఆపేసి నాకే ఇచ్చేయండి, ఎనిమిది డాలర్లు ఇప్పుడే పంపుతాను." మాట తీయగానే ఉంటుంది. ఆయన ఎనిమిది డాలర్లు ఇస్తున్నది రెండో మనిషి రాకుండా ఆపడానికి. మర్యాదగా, "వేలం ముగిసేదాకా ఆగండి" అని జవాబివ్వండి. అలాగే, రెండో మనిషి రాలేదు కదా అని తమ్ముడి ఖాతాతోనో, బావగారి ఖాతాతోనో పాట పెంచే ఆలోచన పెట్టుకోకండి. అది ఈబే నిషేధించిన పని, పట్టుబడితే ఖాతా పోవచ్చు. పట్టుబడకపోతే కవరు బావగారికే మిగులుతుంది.

గడియారం చేసిన న్యాయం, దాని తరువాత వచ్చిన లెక్క

2008కి ముందు ఈబేలో ఏదైనా వెతికితే, ఏ వేలం ముందుగా ముగుస్తుందో అదే పైన కనబడేది. కొత్త విక్రేత అయినా, వెయ్యి సరుకులు పెట్టిన పెద్ద దుకాణమైనా, ముగింపు దగ్గరపడిన వేళకు ప్రతి లిస్టింగుకూ పైమెట్టు మీద కాసేపు నిలబడే వంతు వచ్చేది. గడియారానికి చిన్నా పెద్దా తేడా లేదు కదా. 2008లో ఈబే ఆ పద్ధతిని మార్చి బెస్ట్ మ్యాచ్ అనే వరుసను మొదటి ఎంపికగా పెట్టింది. ఆ ఏడాదే రుసుముల్లోనూ, ఫీడ్‌బ్యాక్ (కొన్నవారూ అమ్మినవారూ ఒకరి గురించి ఒకరు రాసే అభిప్రాయం) నియమాల్లోనూ మార్పులు వచ్చాయి. విక్రేతలు కొనుగోలుదారుకు ప్రతికూల ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలు పోయింది. వీటికి నిరసనగా ఫిబ్రవరిలో కొందరు విక్రేతలు వారం రోజులు సరుకు పెట్టకుండా ఆగారు.

బెస్ట్ మ్యాచ్ లెక్క మొత్తం ఎలా ఉంటుందో ఈబే బయటపెట్టదు. అయితే ఏయే అంశాలను చూస్తుందో తానే చెబుతుంది: వెతికిన మాటలకు లిస్టింగు ఎంత దగ్గరగా ఉంది, ఆ వస్తువుకు ఆదరణ ఎంత, ధర ఎంత, వివరణా ఫొటోలూ ఎంత నాణ్యంగా ఉన్నాయి, వివరాలు పూర్తిగా నింపారా, సరుకు ఎన్ని రోజుల్లో పంపుతారు, వాపసు తీసుకుంటారా, విక్రేత చరిత్ర ఏమిటి. పూర్వం ముగింపు గడియ ఒక్కటే చేసిన పనిని ఇప్పుడు ఇన్ని అంశాలు పంచుకున్నాయి. వీటిలో కొన్ని పెద్ద విక్రేతకు సహజంగానే కలిసివస్తాయి. వందల అమ్మకాలున్నవారికి చరిత్ర ఉంటుంది, మనకు ఉండదు. కాబట్టి చరిత్ర అవసరం లేని అంశాల్లో, అంటే మాటల్లో, వివరాల్లో, ఫొటోల్లో, ధరలో మనం ఒక్క మార్కు కూడా పోగొట్టుకోకూడదు.

టైటిల్: 80 అక్షరాల దండోరా

ఈబే టైటిల్‌లో ఖాళీలతో కలిపి 80 అక్షరాలకే చోటుంటుంది. నా అనుభవంలో చిన్న విక్రేత ఎక్కువగా నష్టపోయేది ఈ ఒక్క గీత దగ్గరే, అందుకే దీని గురించి కాస్త తీరిగ్గా చెబుతాను.

మొదట్లో నేను 1961లో విడుదలైన త్యాగరాజ స్టాంపు ఫస్ట్ డే కవరును, అంటే స్టాంపు విడుదలైన రోజునే తపాలా ముద్ర వేసిన కవరును, అమ్మకానికి పెట్టాను. మద్రాసు జీపీఓ (ప్రధాన తపాలా కార్యాలయం) ముద్ర నల్లగా, గుండ్రంగా, ఒక్క అక్షరం చెదరకుండా పడిన కవరు. దానికి నేను పెట్టిన టైటిల్ "వెరీ రేర్ ఓల్డ్ ఇండియన్ కవర్, బ్యూటిఫుల్, మస్ట్ సీ" అని. గురువారం తెల్లవారుజామున మూడింటికి ముగిసేలా తోచిన వేళకు పెట్టేశాను. ఒక్కరే పాడారు. 1.99 డాలర్లకు పోయింది. తపాలా ఖర్చూ రుసుమూ పోగా నాకు మిగిలింది కవరును జాగ్రత్తగా ప్యాక్ చేసిన సంతృప్తి.

ఆ టైటిల్‌లోని మాటలు ఒక్కొక్కటీ తీసి చూడండి. 'వెరీ', 'రేర్', 'బ్యూటిఫుల్', 'మస్ట్ సీ' అని టైపు చేసి కవరు కోసం వెతికేవారు ఎవరు? ఎవరూ ఉండరు. అవి అమ్మేవారి మురిపెం, కొనేవారి అవసరం కాదు. 'ఓల్డ్' అన్నదానికి బదులు ఏడాది ఉండాలి, ఎందుకంటే స్టాంపులు సేకరించేవారు ఏడాదితోనే వెతుకుతారు. 'ఇండియన్' కన్నా 'ఇండియా' మేలు. దేశం పేరుతో వెతకడం వాళ్ళ అలవాటు. త్యాగరాజు పేరు టైటిల్‌లో లేనే లేదు. ఊరి పేరూ లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఊరి పేరు 1996లో చెన్నైగా మారినా, పాత కవర్ల సేకర్తలు వెతికే మాట ఇప్పటికీ 'మద్రాస్' అనే. ముద్రలో ఉన్న మాట అదే కనుక వారి జాబితాల్లోనూ అదే ఉంటుంది. 'చెన్నై' అని పెడితే ఆ కవరు వారి లెక్కలో లేనట్టే.

అదే రకం కవరు ఇంకొకటి దొరికినప్పుడు టైటిల్ ఇలా రాశాను: "ఇండియా 1961 త్యాగరాజ థ్యాగరాజ ఎఫ్‌డీసీ ఫస్ట్ డే కవర్ మద్రాస్ జీపీఓ కర్నాటిక్ మ్యూజిక్". దీన్ని ఇంగ్లీషు లిపిలో రాస్తే ఖాళీలతో సహా 77 అక్షరాలు వస్తుంది. ఆ మహానుభావుడి పేరు రెండుసార్లు ఎందుకంటే, మనం 'టి'తో రాస్తాం, తమిళనాట చాలామంది 'టి హెచ్'తో రాస్తారు. అమెరికాలో ఉన్న కొనుగోలుదారు ఏ కచేరీ కరపత్రంలో ఏ స్పెల్లింగు చూశారో మనకు తెలియదు. ఎఫ్‌డీసీ అన్న పొట్టి మాట స్టాంపుల సేకర్తది, ఫస్ట్ డే కవర్ అన్న పూర్తి మాట కొత్తవారిది. చివరి రెండు మాటలు స్టాంపులతో సంబంధం లేని ఇంకో గుంపును పిలవడానికి: సంగీతానికి సంబంధించిన వస్తువులు దాచుకునేవారు ఈ కవరును స్టాంపుల విభాగంలో వెతకరు, సంగీతం పేరుతో వెతుకుతారు. రెండో పాటదారు సరిగ్గా ఇలాంటి పక్కదారి నుంచే వస్తారు.

సంబంధం లేని మాటలు ఇరికించడం మాత్రం వద్దు. కవరులో గాంధీ లేకుండా గాంధీ పేరు పెడితే అది నియమోల్లంఘన, పైగా వచ్చినవారు ఒక్క క్షణం చూసి వెళ్ళిపోతారు.

టైటిల్ కింద ఉండే ఐటమ్ స్పెసిఫిక్స్ గళ్ళను వదిలేసేవారు చాలామంది. దేశం, ఏడాది, రకం, స్థితి, విషయం అన్నవి అక్కడ నింపకపోతే, కొనేవారు ఎడమవైపు ఫిల్టర్లలో '1961' అనో 'సంగీతం' అనో గుర్తు పెట్టిన మరుక్షణం మీ లిస్టింగు ఆ జాబితాలోంచి జారిపోతుంది. అది కింది పుటకు పోవడం కాదు, పూర్తిగా మాయం కావడం. ఇందులో నైపుణ్యం ఏమీ లేదు. ఓపికగా కూర్చుని నింపాలి, అంతే.

ఫొటో విషయంలో నియమాలు సులభం: పొడవైన వైపు కనీసం 500 పిక్సెళ్ళు ఉండాలి, 1600 ఉంటే పెద్దది చేసి చూసుకోవచ్చు, బొమ్మ మీద అక్షరాలు, చుట్టూ రంగు అంచులు పెట్టకూడదు. కవర్లకు ఫోనుకన్నా స్కానరే నయం. వెనుకవైపు తప్పకుండా చూపండి. మన తేమకు కవర్ల మీద వచ్చే గోధుమరంగు మచ్చలు ఉంటే దాచకండి, దగ్గరగా తీసి పెట్టండి. మచ్చ చూసి తగ్గేవారు ఒకరుంటారేమో గానీ, చూడకుండా కొని ఫిర్యాదు చేసేవారు మీ చరిత్రనే పాడుచేస్తారు.

ముగింపు వేళ

ఈబే వేలం నిర్ణీత క్షణానికి ఠక్కున ముగుస్తుంది. మన ఊరి వేలంలో "ఒకటోసారి, రెండోసారి" అంటూ ఆగే పెద్దమనిషి ఇక్కడ లేడు. అందుకే అసలు పోటీ చివరి నిమిషంలో, చాలాసార్లు చివరి క్షణాల్లో జరుగుతుంది. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఆకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశీలనలో, ఇలా గట్టిగా ముగిసే ఈబే వేలంలో చివరి క్షణపు పాటలు ఎక్కువనీ, ఆఖరి నిమిషాల్లో పాట పడినప్పుడల్లా గడువు పెరిగే, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలంలో అవి తక్కువనీ చూపారు. దీని నుంచి మనం గ్రహించవలసింది రెండు. ఆరో రోజున పాటలు లేవని బెంగపడి వేలాన్ని ఆపేయకూడదు. చివరి పదినిమిషాల వేళకు కొనేవారు మెలకువగా, తీరికగా, తెర ముందు ఉండాలి.

అమెరికాలో ఆదివారం సాయంత్రం అందుకు మంచి వేళ. పశ్చిమ తీరంలో ఆరు గంటలప్పుడు తూర్పు తీరంలో తొమ్మిది అవుతుంది, అప్పుడు మనకు సోమవారం ఉదయం. వేసవి కాలమానంలో అది ఉదయం 6.30, నవంబరు నుంచి మార్చి దాకా 7.30. ఏడు రోజుల వేలం పెట్టిన గడియకే ముగుస్తుంది కనుక, దాన్ని సోమవారం ఉదయం ఆ వేళకే మొదలయ్యేలా షెడ్యూల్ చేయాలి. పది రోజుల వేలమైతే శుక్రవారం ఉదయం మొదలుపెట్టండి. అప్పుడు రెండు వారాంతాలు కలిసివచ్చి సోమవారం ముగుస్తుంది. పాలవాడు వచ్చే వేళకు లేచి కాఫీ కలుపుకుంటూ చూసుకోవచ్చు. నేను చేసిన గురువారం తప్పు ఇక్కడ అర్థమవుతుంది: మనకు తెల్లవారుజామున మూడంటే వాళ్ళకు బుధవారం పనివేళ.

ఒకే రకం కవర్లు పది ఉంటే పదీ ఒకే రోజు ముగిసేలా పెట్టవద్దు. మీ పాటదారులను మీరే పది ముక్కలు చేసినట్టవుతుంది.

ప్రారంభ ధర, ప్రకటన ఖర్చు, తపాలా

"99 సెంట్ల దగ్గర మొదలుపెట్టండి, జనం ఎగబడతారు" అనే సలహా చాలామంది ఇస్తారు. అది సగమే నిజం. తక్కువ ధరకు తొందరగా పాటలు పడతాయి, పాటలు పడిన లిస్టింగు మీద ఇతరుల కన్ను కూడా పడుతుంది. అయితే ఇది పనిచేసేది ఆ వస్తువు కోసం వారానికి పదిమంది వెతికే చోట. మద్రాసు జీపీఓ ముద్ర కావాలనేవారు ప్రపంచంలో కొద్దిమందే ఉంటారు. అలాంటి పలుచని సంతలో 99 సెంట్లు పెడితే జూదమే. నా పద్ధతి ఇది: ముందుగా ఆ వస్తువు పేరుతో వెతికి, 'సోల్డ్ ఐటమ్స్' అన్న ఫిల్టరు పెట్టి, ఇటీవల నిజంగా ఎంతకు పోయిందో చూస్తాను. అమ్మకానికి పెట్టిన ధరలు చూసి మురిసిపోకూడదు; అడిగే ధర ఎవరైనా అడుగుతారు. నాలుగైదు అమ్మకాలు వరుసగా కనబడితే పాటదారులు ఉన్నారని అర్థం, అప్పుడు తక్కువకు మొదలుపెడతాను. ఏడాదికి ఒక్క అమ్మకమే కనబడితే వేలమే పెట్టను. స్థిర ధరకు పెట్టి, బేరానికి వీలు కల్పించి ఓపికపడతాను. ఈ రెంటికీ మధ్య ఉంటే, ఒక్కరే పాడినా బాధపడనంత ధర దగ్గర మొదలుపెడతాను.

మీ సరుకు పదిమంది దగ్గర అచ్చంగా అలాగే దొరికేదైతే కథ వేరు. 2011లో ఈబే కొన్ని వస్తువులకు ఒకే పుటలో విక్రేతలందరినీ చేర్చి, తక్కువ ధర పెట్టినవారు ముందు కనబడేలా చూపే పద్ధతి తెచ్చింది. దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు, విక్రేతల లాభపు వాటా తగ్గిందని తేల్చారు. వరుస ధరను బట్టి ఉన్నప్పుడు ధర తప్ప పోటీకి ఇంకేమీ మిగలదు. చిన్న విక్రేత అక్కడ నిలవడం కష్టం. అందుకే మీ వస్తువులో తేడా ఏదో వెతికి పట్టుకుని, దాన్నే చాటాలి: ఈ ముద్ర, ఈ ఊరు, ఈ ముద్రణ లోపం, ఈ చేతిరాత. అలాంటి తేడా ఏదీ లేని సరుకును నేను కొనడమే మానేశాను.

డబ్బు కట్టి పైకి వచ్చే మార్గమూ ఉంది. స్థిర ధర లిస్టింగులకు ప్రమోటెడ్ లిస్టింగ్స్ అనే ఏర్పాటులోని 'జనరల్' రకంలో, సరుకు అమ్ముడైతేనే అమ్మకపు మొత్తంలో మీరు ఒప్పుకున్న శాతం తీసుకుంటారు. ఫలితాల్లో అది 'స్పాన్సర్డ్' అన్న ముద్రతో కనబడుతుంది. ఈబే సూచించే శాతాన్ని గుడ్డిగా ఒప్పుకోకండి. పది డాలర్ల కవరు మీద రుసుమూ, ప్యాకింగూ, డాలరు మారకంలో పోయేదీ తీసేస్తే మిగిలే మొత్తం ఎంతో కాగితం మీద వేసుకుని, దానిలోంచి ఎంత ఇవ్వగలరో చూసుకోండి. టైటిల్ బాగాలేని లిస్టింగుకు ప్రకటన కట్టడం మాత్రం చిల్లికుండలో నీళ్ళు పోయడమే.

తపాలా ఖర్చును పెంచి వస్తువు ధరను తగ్గించి చూపే ఎత్తు ఎప్పుడో పాతబడింది. కొనేవారు 'ధర, తపాలా కలిపి తక్కువ నుంచి ఎక్కువకు' అని వరుస మార్చుకుంటే మీ ఎత్తు బయటపడుతుంది. ఈబే రుసుము కూడా తపాలాతో కలిపిన మొత్తం మీదే పడుతుంది. అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఇస్తున్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తివేసింది, కాబట్టి అక్కడి కొనుగోలుదారు ఇప్పుడు వస్తువు ధర కన్నా మొత్తం బిల్లునే చూస్తారు. ప్రారంభ ధర పెట్టేముందు ఆ వారం సుంకం ఎంత ఉందో సరిచూసుకోండి.

పేరు

పాత పోస్టుకార్డుల మీద జరిగిన ఒక ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. పరిశోధకులు ఈబేలో మంచి పేరున్న ఒక విక్రేత చేత, ఆయన అసలు ఖాతాలోనూ, కొత్తగా తెరిచిన ఖాతాల్లోనూ ఒకే తరహా కార్డులు అమ్మించారు. పేరున్న ఖాతాకు కొనేవారు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారని 2006లో ప్రచురించారు. కార్డు అదే, అమ్మే మనిషీ ఆయనే, ఖాతా మాత్రమే వేరు.

ఈ 8 శాతం మనకు రావాలంటే తొందర పనికిరాదు. అమెరికా లెక్కలో టాప్ రేటెడ్ విక్రేత, అంటే ఈబే మేటిగా గుర్తించిన విక్రేత, కావాలంటే ఏడాదిలో 100 అమ్మకాలు, 1000 డాలర్ల వ్యాపారం ఉండాలి. లోపాలు అర శాతం దాటకూడదు, ఆలస్యంగా పంపినవి 3 శాతం దాటకూడదు. ఇంట్లో కూర్చుని అమ్మేవారికి 100 చాలా పెద్ద సంఖ్య. నేను చేసినది ఏమిటంటే, మొదటి ఏడాది ఖరీదైన కవర్లను పెట్టెలోనే ఉంచి అగ్గిపెట్టెల లేబుళ్ళను చిన్న చిన్న కట్టలుగా అమ్మాను. లాభం దాదాపు లేదు, కానీ అమ్మకాల సంఖ్య పెరిగింది. సరుకు పంపే గడువును ఒక్క రోజుగా చూపాలన్న ఆశకు పోకండి. డిసెంబరు వానల్లో మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచినప్పుడు ఒక్క రోజు హామీ ఇచ్చిన ఆర్డర్లు నాలుగు ఆలస్యమయ్యాయి. అమ్మకాలు ముప్పై మాత్రమే ఉన్నవారికి నాలుగంటే పదమూడు శాతం. పెద్ద దుకాణానికి అది లెక్కలోకే రాదు. మూడు రోజులని చెప్పి రెండు రోజుల్లో పంపడమే నాకు అచ్చివచ్చింది. విలువ కాస్త ఎక్కువైన ప్రతి కవరునూ ట్రాకింగ్ ఉన్న తపాలాలోనే పంపండి.

అంకెలు చదవడం

అమ్మేవారి కోసం ఈబే ఇచ్చే సెల్లర్ హబ్ అనే చోట ట్రాఫిక్ అనే పుట ఉంటుంది. వారానికోసారి దాన్ని చూడండి. మీ లిస్టింగు ఫలితాల్లో ఎన్నిసార్లు కనబడింది, కనబడినవాటిలో ఎన్నిసార్లు నొక్కారు, నొక్కినవారిలో ఎంతమంది కొన్నారు అన్న మూడు అంకెలు వైద్యుడి చేతికి నాడిలాంటివి. కనబడడమే తక్కువగా ఉంటే రోగం టైటిల్‌లోనో, కేటగిరీలోనో, నింపని గళ్ళలోనో ఉంది. బాగానే కనబడుతోంది గానీ ఎవరూ నొక్కడం లేదంటే మొదటి ఫొటో బాగాలేదు, లేదా పక్కవారికన్నా ధర ఎక్కువ. నొక్కి లోపలికి వచ్చి కూడా పాడకుండా పోతున్నారంటే తపాలా ఖర్చో, వాపసు నియమమో, మచ్చల గురించి చెప్పని వివరణో వాళ్ళను వెనక్కి పంపుతోంది. ఒకేసారి అన్నీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కటి మార్చి వారం ఆగండి.

మీ స్థానం చూసుకోవాలంటే మీ ఖాతా నుంచి బయటకు వచ్చి, బట్వాడా చిరునామాగా అమెరికా పిన్‌కోడు పెట్టి వెతకండి. చెన్నై చిరునామాతో చూస్తే మీకు కనబడే వరుస ఒకటి, కొనేవారికి కనబడేది ఇంకొకటి.

పెట్టే ముందు ఒక్కసారి

ఎగుమతికి కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) ఇచ్చే ఎగుమతి-దిగుమతి కోడు (ఐఈసీ) కావాలి. తపాలా ద్వారా పంపేవారు తపాలా శాఖ ఎగుమతి కేంద్రమైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రంలో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి పత్రం దాఖలు చేయవచ్చు. దానికన్నా ముఖ్యమైనది 1972 నాటి పురావస్తు చట్టం: వందేళ్ళు నిండిన నాణేలూ కళావస్తువులూ, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్ళు నిండిన రాతప్రతులూ పత్రాలూ ప్రైవేటు వ్యక్తులు దేశం బయటకు పంపడం నేరం. తాతగారి పెట్టెలో కుంఫణీ కాలపు నాణెం దొరికితే ఈబే వైపు చూడనే చూడకండి. 1961 నాటి నా కవరుకు ఇంకా 75 నిండలేదు, 2036లో నిండుతాయి.

అమ్ముడుపోని వేలాన్ని యథాతథంగా మళ్ళీ పెట్టడం కన్నా, 'సెల్ సిమిలర్' నొక్కి కొత్త లిస్టింగుగా, మార్చిన టైటిల్‌తో, మార్చిన మొదటి ఫొటోతో పెట్టండి. నా రెండో త్యాగరాజ కవరును అలాగే రెండుసార్లు పెట్టవలసి వచ్చింది. మొదటిసారి ప్రారంభ ధర ఎక్కువ పెట్టి ఒక్క పాటా రాబట్టలేకపోయాను. రెండోసారి 3.99 పెట్టి, సోమవారం ఉదయం ముగిసేలా షెడ్యూల్ చేశాను. 6.20కి చూస్తే ఒక్క పాట, 3.99 దగ్గరే ఉంది. పదకొండు మంది వాచ్‌లిస్టులో, అంటే కన్నేసి ఉంచే జాబితాలో, పెట్టుకుని ఉన్నారు. పాలు పొంగకుండా స్టవ్ కట్టేసి తిరిగి వచ్చేసరికి 6.31 అయింది, కవరు 11.50కి ముగిసి ఉంది. పాటల జాబితా తెరిచి చూస్తే రెండో పాటదారు గడువుకు తొమ్మిది క్షణాల ముందు వచ్చారు. ఆ తరువాత వాళ్ళే సందేశం పంపారు, తాము స్టాంపులు సేకరించమనీ, వీణ నేర్పుతామనీ, ఇలాంటి కవరు ఇంకొకటి ఉందా అనీ.